ఏథెన్సు గ్రంథాలయమునకు ఇల్లు కట్టించిన వర్తకుడు

(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చేసిన ఉపన్యాసము)



ఇట్టి ఉత్సవములలో మన కవులను గూర్చియో, మన దేశనాయకులను గూర్చియో ప్రసంగించుట వాడుక. కార్యవర్గమువారు విషయ నిర్ణయమును నాకే విడిచిపెట్టిరి. నేను పండితుడను కాను. పద్దులు వ్రాసి జీవించువాడను. పగలు చిట్టాయు ఆవర్జాయు, రాత్రి దీపమువద్ద భారతమో భాగవతమో. ఇదియే నా చదువు. కావున పద్దులకును పుస్తకములకును కూడ సంబంధించిన ఒక మనుష్యుని చరిత్రమును ఎన్నుకొంటిని. ఆయన గ్రీసుదేశపు ఒక దీవిలో పుట్టి, పరదేశములకు వలసపోయి, అపారమైన ధనము గడించిన వర్తకుడు. పేరు పనాగిస్ వల్లియానోస్. ఇంగ్లీషువారి కాగితములలో ఆ ఇంటిపేరు వాగ్లియానో అని కనబడును.

ఈ కథనే ఎన్నుకొనుటకు కారణము కలదు. మన ఊరిలో కొంతకాలముగా ఒక మాట వినబడుచున్నది. ఊరు విడిచి దూరదేశములలో స్థిరపడినవారిలో ఎవరైన ఒక ధనవంతుడు పూనుకొని పెద్ద భవనము కట్టించిననేగాని మన గ్రంథాలయము బాగుపడదని కొందరు అనుచున్నారు. అంతవరకు మనము చేయగలిగినది లేదని వారి భావము. ఆ మాటలో నిజమెంతయో ఈ చరిత్రము చెప్పగలదు.

మన గ్రంథములలో గ్రీకులకు యవనులని పేరు. తరువాతి కాలమున పడమటి సముద్రము మీదుగ వచ్చిన ఇతరులకు కూడ ఆ పేరు వాడిరి. మొదట అది గ్రీకులకే చెల్లినది. దండి రచించిన దశకుమార చరిత్రములో మిత్రగుప్తుని కథయందు యవనుల ఓడ యొకటి కనబడును. పూనా సమీపమున కార్లే గుహలలో స్తంభములను దానమిచ్చిన యవనుల పేర్లు నేటికిని రాతిపై చెక్కియున్నవి. పుట్టినచోటికి వేలమైళ్ల దూరమున, తమది కాని దేశములో, ఆ యవనులు తమ పేరిట ఒక్కొక్క స్తంభము నిలిపి పోయిరి. గ్రీకువానికి ఓడయు, వ్యాపారమును, దానమును ఎంత పాత సంగతులో దీనినిబట్టి తెలియుచున్నది.

పనాగిస్ 1814లో కెఫలోనియా దీవియందు కెరమియెస్ అను పల్లెలో జన్మించెను. ఈ దీవి గ్రీసునకు పడమట ఉన్నది. దాని ప్రక్కనే ఇథాకా దీవి. హోమరు మహాకవి కావ్యములో ట్రాయి యుద్ధము ముగిసిన పిదప పదియేండ్లు సముద్రముపై తిరిగి ఇల్లు చేరిన ఒడిస్సియస్ రాజుది ఆ ఇథాకాయే. కెఫలోనియా కొండలు, రాళ్లు గల నేల. పండునది తక్కువ, తినువారు ఎక్కువ. అందుచేత అక్కడి మగపిల్లలకు సముద్రమే పొలము. పనాగిస్ బాల్యములో ఆ దీవులు ఇంగ్లీషువారి రక్షణక్రింద ఉండెను. గ్రీసు రాజ్యములో అవి కలిసినది 1864లో. అనగా ఈ గ్రీకువాడు పుట్టుకచేత గ్రీసు రాజ్యపు ప్రజ కాడు. ఈ సంగతి జ్ఞాపకముంచుకొనవలెను.

ఈ వ్యాపారము నడపిన అన్నదమ్ములు ముగ్గురు. పెద్దవాడు మారినోస్, రెండవవాడు పనాగిస్, చిన్నవాడు ఆండ్రియాస్. మొదట ఊరు విడిచినవాడు మారినోస్. ఆయన రష్యాదేశమునకు పోయి, అజోవు సముద్రతీరమున ఉన్న టాగన్రోగు రేవులో కాలూనెను. ఆ రేవు వెనుక వందలమైళ్ల వెడల్పున నల్లరేగడి మైదానములు. ఆ నేలపై పండిన గోధుమ బండ్లమీద రేవునకు చేరును. ఆ సముద్రము లోతులేనిది. పెద్ద ఓడలు ఒడ్డునకు రాలేక చాలదూరములోనే లంగరు వేసికొనును. ధాన్యమును చిన్న పడవలకెత్తి ఓడవద్దకు చేర్చవలెను. రైతువద్ద కొనువాడు, కొట్టులో నిలువ చేయువాడు, పడవలవాడు, ఓడవాడు, దూరదేశములో అమ్మిపెట్టువాడు, ఇందరు కలిసిననేగాని ఒక గింజ కదలదు. ఈ పనులన్నియు ఒకే కుటుంబము చేతిలో ఉండిన లాభమెవరికో చెప్పనక్కరలేదు. అన్నదమ్ములు గ్రహించినది అదియే.

కాలము కూడ కలిసివచ్చెను. ఇంగ్లాండు 1846లో విదేశధాన్యముపై వేసిన పాత సుంకపు చట్టములను రద్దుచేసెను. అక్కడ యంత్రశాలల పట్టణములు పెరిగి, తిండి గింజలకు గిరాకి హెచ్చెను. నల్లసముద్రపు గోధుమ లండనుకు ప్రవహింపసాగెను. పోవునపుడు ఓడలు గోధుమ కొనిపోవును. తిరిగివచ్చునపుడు ఇంగ్లాండు బొగ్గు వేసికొని వచ్చును. ఖాళీగా నడచిన ఓడ నష్టముతో నడచును గనుక రెండు దారులకును సరుకు కుదుర్చుటలోనే వర్తకుని తెలివి ఉన్నది. మారినోస్ రష్యాలో ఉండగా, ఆండ్రియాస్ మొదట కాన్‌స్టాంటినోపిలులోను, తరువాత ఫ్రాన్సుదేశపు మార్సేయిలోను వ్యవహారము నడపెను. పనాగిస్ 1858లో లండను చేరెను. అప్పటికాయనకు నలుబది నాలుగేండ్లు. ఆ వయస్సులో క్రొత్తదేశమున క్రొత్తగా మొదలుపెట్టుట సామాన్యమైన సాహసము కాదు.

లండనులో గ్రీకులు అంతకుముందే స్థిరపడియుండిరి. వారిలో రాలీ సోదరుల కంపెనీ ప్రసిద్ధమైనది. వారు కియోస్ దీవి వారు. 1851లో కలకత్తాలో శాఖ తెరచి మన దేశపు వ్యాపారములోనికి దిగిరి. రాలీ కంపెనీ పేరు మన పెద్దలలో చాలమందికి తెలిసినదే. పనాగిస్ ఆ గ్రీకుల వీధిలో వడిగా పైకివచ్చెను. ఆయన ప్రత్యేకత ఒకటి కలదు. ఆ రోజులలో తెరచాపల ఓడలు పోయి ఆవిరి ఓడలు వచ్చుచుండెను. ఆవిరి ఓడ వెల మిక్కిలి హెచ్చు. దీవులలోని నావికులకు సముద్రము తెలియును గాని చేతిలో సొమ్ములేదు. ఇంగ్లీషు బ్యాంకులు వారి మొగము ఎరుగవు. పనాగిస్ ఎరుగును. ఏ పల్లెవాడు, ఎవరి కొడుకు, ఏ తుపానులో ఓడను ఎట్లు దాటించెను, ఇవి ఆయనకు తెలియును. అట్టివారికి అప్పులిచ్చి, ఓడలలో వాటాలు తీసికొని, ఇంగ్లాండులో ఆవిరి ఓడలు కొనుటకు దారి చూపెను. గ్రీకుల నౌకావ్యాపారము తరువాతి శతాబ్దములో ప్రపంచమున అగ్రస్థానమునకు వచ్చుటకు అక్కడ పునాది పడెనని చరిత్రకారులు చెప్పుదురు. ఆ అప్పులు ఊరక ఇచ్చినవి కావు, వడ్డీకి ఇచ్చినవే. అయినను మనిషి మాటను తాకట్టుగా చూచి ఇచ్చినవి.

ఇక నా వృత్తికి సంబంధించిన ఘట్టము వచ్చుచున్నది. కొంచెము నిదానముగా చెప్పెదను. శాంతముగా వినవలెనని ప్రార్థన.

దూరదేశ వ్యాపారమంతయు హుండీలమీద నడచును. ఒడెస్సాలోని వర్తకుడు, లండనులోని వర్తకుని పేర ఒక కాగితము వ్రాసి, ఫలానా వారికి ఇంత సొమ్ము ఇన్ని దినములలో చెల్లింపుడని కోరును. లండను వర్తకుడు దానిపై అంగీకరించితినని సంతకము చేయును. అంతటితో ఆ కాగితము సొమ్మువంటిదే. గడువు రాగానే ఆయన బ్యాంకు దానిని చెల్లించి ఆయన లెక్కలో ఖర్చు వ్రాయును. ఈ యేర్పాటంతయు సంతకముపై గల నమ్మకముమీద నిలిచియున్నది.

పనాగిస్ కచేరీలో విదేశపు ఉత్తరములు చూచు గుమాస్తా ఒకడుండెను. పేరు గ్లైకా. 1887లో వాడు దొంగ హుండీలు సృష్టించుటకు పూనుకొనెను. ఒడెస్సాలో వూచినా అను వర్తకుడు నిజముగా ఈ సంస్థపై హుండీలు వ్రాయువాడు. ఆ వూచినా సంతకమును గ్లైకా దొంగగా పెట్టెను. సొమ్ము అందుకొనువారిగా కాన్‌స్టాంటినోపిలులోని పెట్రిడీ కంపెనీ పేరు వ్రాసెను. అట్టి కంపెనీ నిజముగా ఉన్నదే. హుండీ వచ్చుచున్నదని ముందుగా తెలుపు ఉత్తరములను కూడ వాడే కల్పించెను. కాగితములన్నియు సక్రమముగా కనబడగా పనాగిస్ వాటిపై అంగీకారపు సంతకము చేసెను. అనగా హుండీ దొంగది. దానిపై యజమాని సంతకము మాత్రము నిజమైనది! పిదప గ్లైకా వాటిని దొంగిలించి, వెనుకప్రక్క పెట్రిడీ సంతకము తానే పెట్టి, ఇంగ్లాండు బ్యాంకుకు పంపి రొక్కము తెప్పించుకొనెను. ఇట్లు 43 హుండీలు. మొత్తము 71,500 పౌన్లు.

తుదకు మోసము బయటపడెను. గ్లైకాకు శిక్షయైనది. నష్టమెవరు భరింపవలెను? దొంగ సంతకమునకు సొమ్మిచ్చినది బ్యాంకు గనుక బ్యాంకే భరింపవలెనని పనాగిస్ పక్షము. నీ అంగీకారపు సంతకము చూచియే ఇచ్చితిమి గనుక నీవే భరింపవలెనని బ్యాంకు పక్షము. క్రింది కోర్టులో పనాగిస్ గెలిచెను. 1889లో అప్పీలు కోర్టులోను గెలిచెను. బ్యాంకు ప్రభువుల సభకు పోయెను. అక్కడ 1891లో తీర్పు తిరుగబడెను. 1882వ సంవత్సరపు హుండీల చట్టములో ఒక మాట కలదు. సొమ్ము పుచ్చుకొనువాడు కల్పిత వ్యక్తి అయినచో ఆ హుండీ ఎవరి చేతిలో ఉన్నచో వారికి చెల్లునని. పెట్రిడీ కంపెనీ లోకములో ఉన్నదే యైనను, ఈ హుండీలలో ఆ పేరు వట్టి నటన గనుక ఇది కల్పిత వ్యక్తియే అగునని అధికసంఖ్యాకులు నిర్ణయించిరి. ఇద్దరు న్యాయమూర్తులు ఒప్పుకొనలేదు. నష్టము పనాగిస్‌పై పడెను.

ఆ తీర్పులో హెర్షెల్ ప్రభువు చెప్పిన ఒక సూత్రము నేటికిని న్యాయవాదులు వల్లించుచుందురు. ఒక విషయముపై చట్టము సమగ్రముగా వ్రాయబడినపుడు మొదట ఆ చట్టములోని మాటలకు సహజమైన అర్థము చూడవలెను గాని, పాత ఆచారములతో మొదలుపెట్టి చట్టమును వాటికి వంచరాదని దాని సారాంశము. మన దేశపు కోర్టులలోను ఈ సూత్రము ప్రమాణమైనది. 1896లో బెంగాలునుండి పోయిన ఒక వీలునామా వివాదములో ప్రివీ కౌన్సిలు దీనినే ఎత్తిచూపెను. కెఫలోనియా దీవివాని కచేరీలో ఒక గుమాస్తా చేసిన ద్రోహము, సముద్రములు దాటి మన వీలునామాలను చదువు పద్ధతికి కూడ దారి చూపినది!

పద్దులు వ్రాయువాడనుగా నాకు ఇందులో తోచినది మనవి చేసెదను. ఆ వర్తకుడు ఎక్కడో వేలమైళ్ల దూరములోనున్న నావికుని గుణము కనిపెట్టగలిగెను. తన కచేరీలో బల్లవద్ద కూర్చున్న గుమాస్తా గుణము కనిపెట్టలేకపోయెను. అది ఆయన తెలివితక్కువ కాదు. ఉత్తరము తెచ్చువాడును, దానిని చూచి సరియన్నవాడును, హుండీ భద్రపరచువాడును ఒక్కడే అయినపుడు ఎంతటి యజమానికైనను కన్ను మూసినట్లే యగును. సొమ్ము చేతబట్టువాడొకడు, పద్దు వ్రాయువాడొకడు, రెండును సరిచూచువాడు మూడవవాడు కావలెను. ఇది మనుష్యులను అనుమానించుట కాదు. నిర్దోషికి కూడ ఇదియే రక్ష. లెక్క సరిచూడబడని చోట మంచివానికిని అపవాదు తప్పదు.

ఇప్పుడు గ్రంథాలయము సంగతికి వత్తము.

గ్రీసుదేశము తురుష్కుల పాలననుండి విముక్తి పొందుటకు పోరాటము సాగుచుండగనే అక్కడివారు గ్రంథాలయమును గూర్చి ఆలోచించిరి. 1824లోనే ఆ సూచన పత్రికలో వచ్చెను. కొత్తరాజ్యపు తొలి పాలకుడు కపోడిస్ట్రియాస్ కాలమున ఏజినా దీవిలో, యుద్ధములో తల్లిదండ్రులను కోల్పోయిన పిల్లల అనాథశరణాలయమే ఆ గ్రంథాలయమునకు తొలి ఇల్లు అయ్యెను. 1830 చివరనాటికి అందులో ఉన్న అచ్చుపుస్తకములు 1,018. గ్రీకులవద్దను, గ్రీకులయందు అభిమానముగల పరదేశీయులవద్దను అడిగి పోగుచేసినవి. ముస్టోక్సిడిస్ అను పండితుడు దానికి జాతీయ గ్రంథాలయమని పేరుపెట్టెను. తిండికి కరవైన దేశము, అనాథల ఇంటిలో వేయి పుస్తకములు. దానికి జాతీయమని పేరు! ఆ ధైర్యమును మెచ్చుకొనవలెను.

1834లో రాజధాని ఏథెన్సుకు మారెను. పుస్తకములును వెంట వచ్చెను. వాటికి ఇల్లు లేదు. కొన్నాళ్లు రోమనుల కాలపు అంగడిస్థలములోని ఒక స్నానశాలలో పెట్టిరి. తరువాత సెయింటు ఎలెఫ్తేరియోస్ అను చిన్న చర్చిలో పెట్టిరి. 1842లో విశ్వవిద్యాలయపు గ్రంథాలయముతో కలిపి ఆ విశ్వవిద్యాలయ భవనములోనే చోటు చూపిరి. విశ్వవిద్యాలయమువారి పుస్తకములు 15,000. తిపాల్డోస్ అను ఆయన మొదటి అధ్యక్షుడై 1863 వరకు, ఇరువదియొక్క సంవత్సరములు, ఐరోపాదేశము లన్నింటినుండి పుస్తకములు అడిగి తెప్పించెను. 1866లో రెండును చట్టప్రకారము ఒకే జాతీయ గ్రంథాలయమైనవి. అయినను సొంత ఇల్లు లేదు.

సోదరులారా, లెక్క చూడుడు. ఏథెన్సుకు వచ్చిన 1834 మొదలు సొంతభవనము చేరిన 1903 వరకు అరువదితొమ్మిది సంవత్సరములు. ఇన్ని సంవత్సరములు స్నానశాలలోను, చర్చిలోను, పరుల ఇంటిలోను తడవకుండ, చెదలు పట్టకుండ, దొంగిలింపబడకుండ ఆ పుస్తకములను కాపాడినవారు ఎవరు? జీతము తక్కువైన ఉద్యోగులు; పేరు తెలియని గుమాస్తాలు; జాబితా వ్రాసినవారు; బీరువాకు తాళము వేసినవారు. వారికి విగ్రహములు లేవు. వారు లేకున్నచో పనాగిస్ ఇల్లు కట్టించుటకు అందులో పెట్టవలసిన వస్తువే ఉండెడిది కాదు.

అట్టి గ్రంథాలయమునకు భవనము కావలెనన్నపుడు ముందుకు వచ్చినవారు వల్లియానోస్ సోదరులు. తాము పుట్టినపుడు తమది కాని రాజ్యపు రాజధానిలో, తాము నివసింపని పట్టణములో, ముగ్గురి పేరిట ఆ వ్యయమును వహించిరి. 1888 మార్చి 16వ తేదీన శంకుస్థాపన జరిగెను. గ్లైకా మోసము బయటపడినది అంతకుముందటి సంవత్సరమే యని మీకు జ్ఞాపకముండును. ఒకవంక 71,500 పౌన్ల వ్యాజ్యము నడచుచుండగా, వేరొకవంక ఏథెన్సులో పాలరాయి చెక్కుచుండిరి. నష్టము వచ్చినదని దానమును ఆపలేదు. ఈ ఒక్కమాటకే ఆయనకు నమస్కరింపవచ్చును.

భవనమునకు చిత్తరువు వ్రాసినవాడు డెన్మార్కు దేశస్థుడైన హాన్సెన్. పని చేయించినవాడు జిల్లర్. ప్రాచీన గ్రీకు దేవాలయపు స్తంభముల వరుసయు, దాని ముందు రెండువైపులనుండి వంకరగా పైకిపోవు మెట్లును గల ఆ సౌధము, విశ్వవిద్యాలయమును అకాడమీని ప్రక్కన పెట్టుకొని నేటికిని నిలిచియున్నది. ఎదుట పనాగిస్ విగ్రహము కలదు. వింతయేమనగా, 1903లో పుస్తకములు ఆ భవనములోనికి చేరునాటికి అన్నదమ్ములు ముగ్గురిలో ఒక్కరును జీవించి లేరు. ఆండ్రియాస్ శంకుస్థాపనకు ముందే, 1887లో పోయెను. మారినోస్ 1896లో పోయెను. పనాగిస్ 1902 జనవరిలో లండనులో కన్నుమూసెను. హాన్సెన్ 1891లోనే గతించెను. ఆ మెట్లు ఎక్కి ఒక పుస్తకము అడిగి చదువు భాగ్యము దాతకును లేదు, శిల్పికిని లేదు. మామిడిచెట్టు నాటిన తాత పండు తినవలెనన్న నియమము లేదుగదా!

పనాగిస్‌కు సంతానము లేదు. ఆయన విడిచిన ఆస్తి దాదాపు 30 లక్షల పౌన్లు. అందులో పెద్ద భాగమును కెఫలోనియా దీవి ప్రజల విద్యకును, వైద్యమునకును, బీదల సహాయమునకును వ్రాసిపెట్టెను. ఒడిస్సియస్ పదియేండ్లకు ఇల్లు చేరెను. పనాగిస్ దేహము లండనులోని శ్మశానమునందే ఉండిపోయినను, ఆయన ఆర్జితము ఇల్లు చేరినది. భర్తృహరి ధనము పోవు మార్గములను మూడుగా లెక్కించి, వాటిలో ఇచ్చుటను మొదట నిలిపెను. లెక్క తెలిసినవాడు కూడ అట్లే వ్రాయును. తక్కిన రెండు మార్గములలో పోయినదానికి తరువాతి సంవత్సరపు పుస్తకములో నిలువ ఉండదు.

ఇంత చెప్పి ఆయనను దేవతను చేయదలచలేదు. వారి సంపదపై విమర్శలు లేకపోలేదు. 1880 దశకమున రష్యా ప్రభుత్వము టాగన్రోగు సుంకపు వ్యవహారములో మారినోస్‌పై అభియోగము తెచ్చి విచారణ జరిపించెను. అది ఆ దేశపు పత్రికలలో పెద్ద గొడవయైనది. ధాన్యపు వ్యాపారములో కొనువాని లాభము పండించువాని కష్టమునుండియే వచ్చునని మనవంటి రైతుల ఊరిలో విప్పిచెప్ప నక్కరలేదు. కావున దానము చేసినవాని ప్రతి పద్దును పుణ్యమని వ్రాయరాదు. దానమును దానముగా జమకట్టుటకు వెనుదీయనురాదు. రెండు పద్దులు రెండుచోట్ల ఉండవలెను.

ఈ సందర్భమున టాగన్రోగు పట్టణపు మరియొక బిడ్డను స్మరించుట ధర్మము. ఆయన చెఖోవు; కథలు చదువు మన యువకులకు తెలిసిన పేరే. 1860లో ఆ ఊరిలో ఒక చిల్లరకొట్టు యజమానికి పుట్టెను. గ్రీకువర్తకుల కచేరీలో గుమాస్తా కొలువు దొరకునన్న ఆశతో తండ్రి పసితనమున ఆయనను గ్రీకుబడిలో వేసెను. ఆ చదువు అబ్బలేదు. వైద్యుడై, ప్రపంచ ప్రసిద్ధుడైన రచయిత యయ్యెను. ఆయన భవనము లేమియు కట్టించలేదు. అంత ధనము ఆయనవద్ద లేదు. మాస్కోలో ఉన్నను, జబ్బుతో వేరొకచోట ఉన్నను, తన ఊరి గ్రంథాలయమునకు పుస్తకములు సేకరించి పెట్టెలలో పంపుచునే ఉండెను. ఆ రేవుపట్టణము నుండి వచ్చిన సొమ్ము ఏథెన్సులో పుస్తకములకు ఇల్లయ్యెను. ఆ పట్టణమునందు పుట్టినవాడు తన ఊరి ఇంటికి పుస్తకములు పంపెను. ఎవరికి చేతనైనది వారు చేసిరి.

ఏథెన్సు కథ అంతటితో ముగియలేదు. కాలక్రమమున ఆ పాలరాతి భవనమునకు పుస్తకములు ఎక్కువైనవి. మరియొక నౌకావర్తకుడు నియార్కోస్ పేరిట ఏర్పడిన ధర్మసంస్థ సముద్రతీరమున క్రొత్తభవనము కట్టించి 2017లో రాజ్యమునకు అప్పగించెను. 2018లో గ్రంథాలయము అక్కడికి తరలెను. అనాథశరణాలయము, స్నానశాల, చర్చి, విశ్వవిద్యాలయము, పాలరాతి సౌధము, సముద్రపుటొడ్డు: ఇండ్లు మారినవి. వేయిపదునెనిమిది పుస్తకములతో మొదలైన జాబితా మాత్రము తెగలేదు. కెఫలోనియాలో కూడ 1953వ సంవత్సరపు భూకంపమునకు ఎన్నియో కట్టడములు నేలగూలినవి. గోడలకు ఆయుర్దాయ మున్నది. తెగని వస్తువు జాబితా, దానిని చూచుకొను మనిషి.

మొదట ఎత్తుకొన్న మాటకు ఇప్పుడు సమాధానము చెప్పవచ్చును. ధనవంతుడు వచ్చిననేగాని గ్రంథాలయము బాగుపడదన్నమాట తలక్రిందులుగా ఉన్నది. బాగుగా నడచు గ్రంథాలయమును చూచియే ధనవంతుడు వచ్చును. పనాగిస్ ఏమియు లేనిచోట భవనము కట్టలేదు. అరువదియేండ్లు ఇల్లులేక నిలిచిన పుస్తకములకు ఇల్లు కట్టెను. మన రెండుగదుల పెంకుటింటిని చిన్నచూపు చూడనక్కరలేదు. వారి చర్చికన్న అది నయమే. మన తెలుగునాటను ఈ ఉద్యమము ఒక ధనికుని చేతిమీదుగ నడువలేదు. హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము 1901లో వెలసినపుడును, 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘము ఏర్పడినపుడును, పూనుకొన్నవారు తమ కాలమును, తమ కాళ్ల బలమును పెట్టుబడిగా పెట్టిరి. అయ్యంకి వెంకటరమణయ్యగారివంటివారు ఊరూర తిరిగి పుస్తకము అడిగిరి, బీరువా అడిగిరి.

కావున కార్యవర్గమువారికి నాలుగు మనవులు. మొదటిది, మన పుస్తకముల జాబితాను ఈ యేడు తిరిగి సరిచూచి వ్రాయింపుడు. ఇండ్లలో నిలిచిపోయిన పుస్తకములను ఇంటింటికి పోయి మర్యాదగా అడిగి తెప్పింపుడు. తిరిగివచ్చిన పుస్తకము క్రొత్తగా కొన్న పుస్తకముతో సమానము. రెండవది, నెలనెలా జమాఖర్చు గోడమీద వ్రేలాడదీయుడు. చందా వసూలుచేయువాడు వేరు, పద్దు వ్రాయువాడు వేరు, సరిచూచువాడు వేరుగా ఉండవలెను. రూపాయికైనను రసీదు ఇయ్యవలెను. దూరమున ఉన్నవానికి మన ముఖములు కనబడవు, మన లెక్కలే కనబడును. మూడవది, ఊరు విడిచి హైదరాబాదులోను, బెంగుళూరులోను, అమెరికాలోను ఉన్న మన పిల్లలకు ఉత్తరము వ్రాయునపుడు ముందుగా భవనము అడుగవద్దు. చెఖోవువలె సంవత్సరమునకు నాలుగు పుస్తకములు పంపుమని అడుగుడు. అది ఇయ్యగలిగినవాడు రేపు మరియొకటి ఇయ్యగలడు. నాలుగవది తల్లులకు. సాయంకాలము పిల్లలను అరగంట ఇక్కడికి పంపుడు. చదువువాడు రాని గ్రంథాలయము పాలరాయితో కట్టినను కొట్టుగదియే.

ఈ ఇరువదియైదు సంవత్సరములు ప్రతిసాయంకాలము ఈ తలుపు తెరచి, దీపము పెట్టి, పత్రికలను వరుసగా పరచి, రాత్రి తాళము వేసి పోయిన మన గ్రంథపాలకులు ఈ సభలోనే వెనుకవరుసలో కూర్చుండియున్నారు. వారిని ముందునకు పిలిచి, శాలువకు ముందుగా, అందరమును లేచి నిలిచి నమస్కరింతమని ప్రతిపాదించుచున్నాను. ఏథెన్సువారు దాతకు విగ్రహము నిలిపిరి. కావలియున్నవానికి మనము ఈ పాటి గౌరవమైనను చేసితిమన్న పద్దు ఈ రజతోత్సవపు లెక్కలలో ఉండవలెను.